రాహేలమ్మ కౌజు పిట్ట

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. బైబిలు మీద చేయి పెట్టి చెబుదామంటే, అసలు ఒట్టే పెట్టుకోవద్దని ఆ పుస్తకంలోనే రాసి ఉంది. అది తెలిసి కూడా చేయి పెట్టానంటే మొదటి వాక్యంలోనే మీరు నన్ను నమ్మడం మానేస్తారు. అందుకని మావైపు పద్ధతిలో చెబుతున్నాను: ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిరపకాయల తొడిమలు తీసి, ఆ చేతులు కడుక్కోకుండా రెండు కళ్లూ నులుముకుంటాను. ఇంతకన్నా పెద్ద ఒట్టు గుంటూరు జిల్లాలో లేదు. నన్నెరిగినవాళ్లు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి. ఇన్నాళ్లూ టీ కొట్టు బల్లల మీద నేను కోసిన కోతలు వేరు, ఇది వేరు.

ఈమధ్య ఏదో పని మీద ఒంగోలు పోతూ హైవే పక్కన భోజనానికి ఆగాను. గోడ మీద ఎర్ర అక్షరాలతో 'కౌజు పిట్ట వేపుడు' అని రాసి ఉంది. తినాలని కాదు, చూడాలని చెప్పాను. పళ్లెంలో కరివేపాకు కింద ముడుచుకుని పడుకున్నవి వచ్చాయి. వడ్డించే పెద్దమనిషిని అడిగాను, ఇవి ఎక్కడివని. "ఫారం పిట్టలండి. గుడ్లు మిషన్లో పెడితే పిల్లలవుతయ్. తల్లి పని లేదు" అన్నాడు. కూస్తాయా అని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "కూసి ఏం చేస్తయ్ సార్?" అన్నాడు. అవి కౌజులు కూడా కావు, ఎక్కడి నుంచో తెచ్చిన పొట్టి జాతి. పేరు మాత్రం మన పొలాల పిట్టది తగిలించారు. ఎవరి పొట్ట కింది వెచ్చదనమూ ఎరగకుండా పుట్టిన ఆ పిట్టను నేను తినలేకపోయాను. పెరుగన్నం తిని లేచాను. బండి నడుపుతున్నంత సేపూ మా పెద్దమ్మ వెనక సీట్లో కూర్చున్నట్టే ఉంది.

అసలు కౌజును చూడనివాళ్లకు చెప్పాలి. కోడిపిల్ల కంటే పెద్దది, కోడి కంటే చిన్నది, దుమ్ము రంగు. కాలు మీద పడేదాకా ఎగరదు. పరిగెత్తుతుంది, గట్టు వెంబడి, అప్పు తీర్చమని ఎవరో వెనక పడుతున్నట్టు. పొద్దున్నే ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి కూస్తుంది. ఆ కూత పిట్ట ఒంటికి తగ్గది కాదు. మూడు ముక్కలుగా విరిచి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి, పొలం అవతలి గట్టు దాకా విసురుతుంది. చిలకలూరిపేటకు పడమటగా ఉన్న మా ఊళ్లో, ఆ రోజుల్లో, గడియారం లేని ఇళ్లన్నీ ఆ కూతకే లేచేవి. మా ఇల్లూ అందులో ఒకటి.

మా ఇల్లంటే రాహేలమ్మ ఇల్లు. ఆమె మా అమ్మకు అక్క. నన్ను కని మా అమ్మ కన్నుమూస్తే, కనిగిరి అవతల మెట్ట ఊళ్లో ఉండే మా నాన్న నన్ను తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కి వచ్చి, పిల్లలు లేని ఆమె ఒళ్లో పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడట. పెదనాన్న నాకు ఊహ తెలియక ముందే పోయాడు. మిగిలింది మేమిద్దరం, ఒక గది, ముందు తాటాకు పందిరి. ఆ ఇంటి వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. పొయ్యిలో పత్తికట్టె మండే పొగ, మూలన మూటగట్టిన ఎండుమిరప ఘాటు, చుట్టూ చేలల్లో కొట్టిన పురుగుమందు గాలి, ఈ మూడూ కలిసి గోడలకు పట్టేసేవి. మిరప రోజుల్లో పెద్దమ్మ కళ్లంలో కూర్చుని తొడిమలు తీసేది. ఇంటికొచ్చి చేతులకు ఆముదం రాసుకుని, ఆ చేతులను తనవి కానట్టు ఒంటికి దూరంగా పెట్టుకుని కూర్చునేది. కంట్లో నలక పడినా, ఏడుపొచ్చినా తుడుచుకోవాల్సింది మోచేతి పైభాగంతోనే. బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి గుడ్డసంచిలో వేసేది. వారమంతా పోగైన ఆ పిడికిళ్లు ఆదివారం గుడికి వెళ్లేవి. అన్నం చాలని పూటల్లో కూడా ఆ పిడికిలి చిన్నది కాలేదు. ఆమె ముద్ద చిన్నదయ్యేది.

ఆమెకు చదువు రాదు. సాయంత్రం దీపం పెట్టాక నేను బైబిలు చదివి వినిపించాలి. అక్కడే నా వృత్తి మొదలైంది. ఉన్నది ఉన్నట్టు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. నోవహు ఓడలో వానలు తగ్గకముందే గేదె ఈనిందని, జున్నుపాల కోసం ముగ్గురు కోడళ్లూ పోట్లాడుకున్నారని చదివాను. సమ్సోను జుట్టు కత్తిరించిన కత్తెర నరసరావుపేటలో దొరికేలాంటిదని చదివాను. అదీ అచ్చు పుస్తకం భాషలో, 'అప్పుడు', 'అయితే', 'ఆయన వారితో ఇట్లనెను' అని అతుకు కనపడకుండా. పెద్దమ్మ ఇవన్నీ స్త్రీల కూటంలో సాక్ష్యంగా చెప్పేది. మా గుడి అయ్యగారు, అంటే మాకు వాక్యం చెప్పే పాస్టరు, గేదె సంగతి విని చాలాసేపు పుటలు తిరగేశాడట. దొరక్కపోయినా, ఆమె భక్తికి జడిసి ఊరుకున్నాడు.

అట్లా గడుస్తుండగా పత్తి పోయిన ఏడు వచ్చింది. మావైపు ఆ ఏడాదిని ఎవరూ ఇంకో పేరుతో పిలవరు. పచ్చపురుగు పడింది. మందు కొడితే పురుగు చచ్చేది కాదు. ఒళ్లు విరుచుకుని, ఇంకో ట్యాంకు కొట్టమన్నట్టు చూసేది. ఒక పురుగు ఏకంగా మందు డబ్బా మూత మీద కాపురం పెట్టి పిల్లల్ని కూడా కనింది. నేను నా కళ్లతో చూశాను. జనం ముందు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. పురుగును చంపని మందు మనిషిని మాత్రం చంపుతుందని తెలిసింది. ఆ ఏడు పాడెలకు వెదురు కరువొచ్చింది.

మిరపకాయలు కళ్లాల మీదికొచ్చిన రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, ఒక మనిషి మా పందిరి కింద నిలబడ్డాడు. పెద్దమ్మ చూడగానే లేచి, "ఏం మరిదీ, ఇంత ఎండలో?" అంది. అప్పుడు తెలిసింది ఆయన మా నాన్నని. అంతకు ముందు నేను చూసింది చాలా తక్కువ. మంచం పట్టె మీద కూర్చున్నాడు. పెద్దమ్మ ఇచ్చిన నీళ్ల గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు.

"పెద్దోడు పోయాడు వదినా."

పెద్దోడంటే నాకు తమ్ముడయ్యేవాడు. మా నాన్న రెండో పెళ్లి కొడుకు. కొడుకుల్లో పెద్దవాడని కాదు, వాడొక్కడే. ఆ ఇంట్లో వాడి తర్వాత ఆడపిల్ల.

"ఎట్టా?" అంది పెద్దమ్మ.

"పత్తికని తెచ్చాం గదా, మందు."

అంతే అన్నాడు. కళ్లంలో కాయలు ఎండుతున్న చప్పుడు వినపడుతోంది. అట్లాంటి చప్పుడు ఉండదంటారేమో. ఆ మధ్యాహ్నం ఉంది.

"మా ఇంటిది మంచం దిగట్లా. ఆడపిల్ల చిన్నది. చేను పడావు పడింది. ఏసోబును పంపు వదినా" అన్నాడు చివరికి. ఏసోబంటే నేను.

"ఇన్నేళ్లకు గుర్తొచ్చాడా వీడు నీకు?"

"ఎప్పుడూ గుర్తే. అడగడానికి మొకం లేక అడగలా. ఇప్పుడు మొకం దాచుకునే ఓపిక కూడా లేదు."

నేను రానన్నాను. గట్టిగానే అన్నాను. "నువ్వు నోరుముయ్యరా, పెద్దోళ్లం మాట్లాడుకుంటన్నాం" అని పెద్దమ్మ నా వైపు చూడకుండానే కసిరింది. ఆయనతో, "కళ్లాలు ఎత్తి, వానలు పడేదాకా ఆగు. దేవుణ్ణి అడిగి చెప్తా" అంది. ఆయన నీళ్లు తాగి వెళ్లాడు.

దేవుడు జవాబు చెప్పాడు. చెప్పడం మాత్రం వేరేవాళ్లకు చెప్పబోయి ఈమెకు చెప్పాడు. ఆ ఆదివారం అయ్యగారు కోపం మీద ఉన్నాడు. చిలకలూరిపేటలో నకిలీ మందులు అమ్మిన ఒక కొట్టు ఆసామి ఆ ఏడాదే మేడ మీద మేడ వేశాడు. ఆయన మా గుడికి వచ్చేవాడు కాదు, ఆయనకు మా వాక్యం అక్కర్లేదు. అయినా అయ్యగారు యిర్మీయా ప్రవక్త దగ్గర ఒక రాయి దొరికించుకుని పేట వైపుకి విసిరాడు. అన్యాయంగా ఆస్తి కూడబెట్టినవాడు, తాను పెట్టని గుడ్లను పొదిగే కౌజు పిట్టలాంటివాడని. సగం ఆయుష్షులోనే అవి వాడిని వదిలిపోతాయని. చివరికి వాడు వెర్రివాడిగా తేలతాడని. మగవాళ్లందరికీ ఆసామి మేడ కనపడింది. నేను కూడా లోపల నవ్వుకున్నాను. ఆడవాళ్ల చాప మీద, బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దమ్మకు మేడ కనపడలేదు, ఆస్తి వినపడలేదు. పెట్టని గుడ్లు, పొదగడం, వదిలిపోవడం, అంతే వినపడింది.

గుడి అయిపోయాక ఆమె అయ్యగారి దగ్గరకు పోయి నిలబడింది. "ఆ పిట్ట మాట, పెంచుకున్నోళ్లకి కూడానా అయ్యగారూ?" అని అడిగింది. ఆయన గొంతు అప్పటికే పోయింది, ఆకలి మీద ఉన్నాడు, ఆమె అడిగింది సగమే చెవిన పడింది. "వాక్యం అందరిదీనమ్మా" అన్నాడు. ఆయన ప్రతివాళ్లకీ ప్రతి ఆదివారం చెప్పే మాట అది.

ఆ సాయంత్రం పొయ్యి వెలిగించకముందే బైబిలు తెచ్చి నా ముందు పెట్టింది. "ఆ పిట్ట చోటు తియ్యి." తీశాను. చదివాను. ఆమె మొహం చూశాక మామూలు చోట ఆగలేకపోయాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ అతుకు వేయలేదు: 'అయితే సాయంకాలమున ఆ పిల్లలు తిరిగి వచ్చి దాని రెక్కల క్రింద నిలుచును' అని చదివి, గొంతు తడబడకుండా పుస్తకం మూశాను.

పెద్దమ్మ దీపం వైపు చూసింది. "అయ్యగారు ఈ ముక్క చదవలేదే."

"ఆయనకు గొంతు పోయిందిగా. మధ్యలో ఆపేశాడు."

"ఓడలో గేదె ఈనిందని చదివావు చూడు. అదీ ఇట్టాంటిదేనా?"

నేను దీపం వత్తి ఎగదోశాను.

"ఇన్నేళ్లూ నేను విన్నదాంట్లో దేవుడిదెంత, నీదెంతరా ఏసోబూ?" అంది. కోపం లేదు ఆ మాటలో. సంతలో కొన్న నెయ్యిని వాసన చూసినట్టు అడిగింది. ఆ రోజు నుంచి నన్ను చదవమనలేదు.

మిరప అయిపోయి పత్తికట్టె పీకే రోజులొచ్చాయి. పక్కింటి ఖాసింబీ, పెద్దమ్మ ఎప్పుడూ జంటగా కూలికి పోయేవాళ్లు. ఖాసింబీ మనిషి సన్నం, మాట లావు. పెద్దమ్మను అక్కా అని పిలిచేది, అన్ని మాటలూ అనేది. ఒకరోజు గట్టు మీద జిల్లేడు దుబ్బు కింద ఖాసింబీకి కౌజు గూడు కనపడింది. గూడంటే నాలుగు గడ్డిపోచలు. పిట్ట లేదు, ముందు రోజు పక్క చేలో విషం గింజలు చల్లారు, దగ్గర్లోనే ఈకలు పడి ఉన్నాయి. గుడ్లు చల్లబడలేదు. "రెండిళ్లకూ సరిపోను అట్టు అయిద్ది" అని ఖాసింబీ చెంగు పట్టింది.

"అట్టు లేదు ఏమీ లేదు. నీ నల్లపెట్ట పొదుగుడు మీదుందిగా, దాని కింద పెట్టు" అంది పెద్దమ్మ.

"అక్కా, నీకు ఎండ తగిలింది. కోడిపెట్ట కింద కౌజులు పుడితే ఊళ్లో పుంజులన్నీ కట్టగట్టుకుని నా ఇంటి మీదికి పంచాయితీకొస్తయ్."

"వస్తే నేను చెప్పుకుంటాలే. పెట్టు."

ఇంటికొచ్చాక నాకు మాత్రం చెప్పింది. "ఆ పిల్లలు పెట్టతో ఉంటే నువ్వు నాతో ఉంటావు. పోతే నువ్వూ పోతావు. ఇది నువ్వు చదివేది కాదు. నా కళ్లతో నేను చూసేది."

ఆ నల్లపెట్ట సామాన్యమైంది కాదు. అంతకు ముందు ఏడాది ఊళ్లోకొచ్చిన ఒక జీపును చింతతోపు దాకా తరిమి, డ్రైవరు చేత క్షమాపణ చెప్పించిన పెట్ట అది. ఖాసింబీ గుడ్లతో సహా మా పెరట్లో తెచ్చిపెట్టిన గంపలో కూర్చుని, పగలంతా కళ్లు సగం మూసుకుని, దగ్గరికొచ్చిన ప్రతివాళ్ల వేలూ పొడిచింది. పెద్దమ్మ వేలు తప్ప. పొద్దున పనికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పెద్దమ్మ ఆ గంప దగ్గర గొంతుక్కూర్చునేది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా కొంచెంసేపు ఉండేవాళ్లు.

పిల్లలు బయటికొచ్చిన రోజు ఊరంతా చూసింది. రేగుపండంత పిల్లలు, వీపు మీద చారలు, పుట్టిన పూటే పరుగు. కోడిపెట్ట నూకలు చూపించి పిలిస్తే అవి దాని మొహం చూసేవి. వాటికి కావాల్సింది చెదలు. చెదలు తేవడం నా వంతు. నేను పుట్టలన్నీ తవ్వాను. పాత తలుపు చెక్కలు, ఎవరిదో కూలిన పాక దూలం, అన్నీ మోసుకొచ్చాను. అంతటితో ఆగలేదు. రోజూ తెల్లవారుతూనే గట్టు మీదికి పోయి, అడవి కౌజు కూత ఎక్కడినుంచి వస్తే అక్కడికి మట్టిబెడ్డలు విసిరేవాణ్ణి. ఆ కూత మా పెరట్లో వినపడకూడదని. దేవుడి పరీక్షలో నేను చీటీలు పెట్టానన్నమాట. పెద్దమ్మకు తెలుసో తెలియదో. చెప్పులకు అంటిన మట్టి చూసి ఒకసారి, "రాళ్లు విసిరి ఎంతకాలం ఆపుతావులే" అంది.

పిల్లలు పెట్ట వెంటే తిరిగాయి. గద్ద నీడ పడితే దాని రెక్కల కిందికి దూరి, అక్కడొకటి ఇక్కడొకటి తలకాయలు బయటపెట్టేవి. నల్లపెట్ట కూడా నూకలు మానేసి, చెక్కల కింద చెదలు గీకడం నేర్చుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మ మాత్రం గెలిచినట్టు కనపడలేదు. ఆ రోజుల్లోనే అయ్యగారు సంగతి తెలిసి వచ్చాడు. పిల్లలనీ పెట్టనీ చూశాడు. పెద్దమ్మను చూశాడు. ఆయనకు తను విసిరిన రాయి ఎక్కడ తగిలిందో అర్థమైంది.

"అమ్మా రాహేలమ్మా, ఆ వాక్యం అన్యాయంగా సంపాదించినోడి గురించమ్మా. నీ గురించి కాదు" అన్నాడు.

పెద్దమ్మ గంప సరిచేస్తూ అంది, "నేను మాత్రం న్యాయంగా సంపాదించానా అయ్యగారూ? నా చెల్లెలు పోబట్టి గదా వీడు నా ఒళ్లోకొచ్చింది. అది పోయిన రోజు ఏడ్చా. ఏడుస్తానే వీడి బరువు చూసుకున్నా. లోపల సంతోషమేసింది. అది దేవుడు చూళ్లేదా?"

అయ్యగారు చాలా ప్రసంగాలు చేసిన మనిషి. ఆ రోజు మా పందిరి కింద మాత్రం, ప్రార్థన చేస్తానని కళ్లు మూసుకుని, మూసుకునే ఉండి, ఆమెన్ ఒక్కటీ అని వెళ్లిపోయాడు.

తొలకరి పడింది. పిల్లలకు రెక్కలొచ్చాయి. ఒకరోజు పొద్దున నేను చెదల కోసం వాగు దాకా పోవాల్సి వచ్చింది, దగ్గర్లో పుట్టలన్నీ నేనే ఖాళీ చేశాను గనక. నేను లేనప్పుడు కౌజు కూసింది. గట్టు మీద కూడా కాదట, మా పెరటి కంచె మీదే. పిల్లలు తలకాయలెత్తాయట. వరసగా కంచె కిందినుంచి దూరి, కొత్తగా విత్తిన చేలోకి పరిగెత్తాయట. ఒక్కటీ వెనక్కి చూడలేదట. నేను వచ్చేసరికి పెట్ట కంచె ఇవతల అటూ ఇటూ తిరుగుతూ పిలుస్తోంది. పెద్దమ్మ చీపురు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

ఆ తర్వాత వారం రోజులు ఆ పెట్ట గట్లన్నీ వెతికింది. చివరికి దాని గొంతే మారింది. పొద్దున్నే కంచె మీదికెక్కి కౌజులాగా, మూడు ముక్కలుగా విరిచి కూసేది. ఊళ్లో ఆ కూతకు లేచి, కోడిని చూసి ముక్కు మీద వేలేసుకున్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. "నా కోడికి పిచ్చెక్కించావు కదక్కా" అని ఖాసింబీ గొణిగింది. పెద్దమ్మ, "దానికి పిచ్చి కాదే, ఆశ" అంది.

పెద్దమ్మ నా బట్టలు మడతపెట్టడం చూసి నేను ఎదురు తిరిగాను. "నేను పిట్టనా? నాకు బుద్ధి లేదా? ఎవరో కూస్తే పరిగెత్తడానికి?" అని అరిచాను.

"కూసింది నీ తండ్రిరా. కొడుకు పోయినోడు. ఆ కూత విని కూడా కూర్చున్నావంటే నేను పెంచింది మనిషిని కాదు." చొక్కా మడతపెట్టి సంచిలో పెట్టి, "పిట్టలు బతకడానికి పోయినయ్. చావడానికి పోలా. అది చూడు నువ్వు" అంది.

"నువ్వేం చేస్తావు ఇక్కడ?"

"చివరికి వెర్రిది అనిపించుకునేది పొదిగినోళ్లే అని రాసుందిగా. అనిపించుకుంటాలే."

నేను పోయే రోజు పెద్దమ్మ రోడ్డు దాకా వచ్చింది. బస్సు ఆలస్యమైంది. కొత్త కారం డబ్బా, చింతకాయ పచ్చడి ఉన్న సంచి నా చేతికిచ్చి, పైన గుడ్డలో చుట్టిన బైబిలు పెట్టింది. "ఇది నువ్వు తీసుకుపో. నాకెట్టాగూ చదవడం రాదు" అంది. తర్వాత నా తల మీద చేయి పెట్టి, "గేదె ఈనింది నాకు గుర్తుంది. కత్తెర గుర్తుంది. దేవుడివీ నీవీ వేరుచేయడం నాకు చేతకాలా. రెండూ ఉంచుకుంటా" అంది. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చేయి ఊపుతూనే ఉంది.

కనిగిరి అవతల నేల వేరు. మొరుసు భూమి, రాతి గుట్టలు, దూరంగా పాత కోట ఉన్న కొండ. మా నాన్న రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నేను ఆయన ముందు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వినే మనిషి లేకపోతే అబద్ధం పుట్టదు. ఆ గుట్టల్లోనూ కౌజులు కూసేవి. ఒకరోజు చేల దగ్గర బైబిలు తిరగేస్తుంటే ఆ పిట్ట ఇంకోచోట కనపడింది. సౌలు రాజు తరుముతుంటే దావీదు అడుగుతాడు, కొండల మీద కౌజు పిట్టను తరిమినట్టు నన్నెందుకు తరుముతున్నావని. నేనెంత వెతికినా ఆ పుస్తకంలో ఆ పిట్ట ఈ రెండు చోట్లే కనపడింది. ఒకచోట తనవి కాని గుడ్ల మీద కూర్చుని ఉంటుంది, ఇంకోచోట కొండల మీద పరిగెత్తుతూ ఉంటుంది. రెండు చోట్లా దానికి నిద్ర లేదు. ఎవరూ తరమకుండానే నేను ఆ గుట్టల్లో చాలాకాలం తరమబడ్డాను.

క్రిస్మసుకు పెద్దమ్మ దగ్గరికి పోయేవాణ్ణి. అన్నం పెట్టేది, చెల్లెలి పెళ్లి సంగతులు అడిగేది. ఇప్పుడు అయ్యగారి కూతురు వచ్చి చదివి వినిపిస్తోందని చెప్పింది. ఎట్లా చదువుతుందని అడిగితే, "బాగానే చదువుద్ది. ఉన్నదే చదువుద్ది" అంది, ఉప్పు తగ్గిన కూర గురించి చెప్పినట్టు. నన్ను చదవమంటుందేమోనని చూశాను. అనలేదు. అట్లా కొన్నేళ్లకు, పొలాల్లో పత్తి విత్తనం మారిపోయి పచ్చపురుగు పేరు జనం మర్చిపోయే రోజుల్లో, ఆమె జ్వరంతో పోయింది. నేను వెళ్లేసరికి పెట్టెలో పెట్టారు.

ఇప్పుడు ఆ ఊళ్లో పత్తి బాగానే పండుతోంది. గట్లు సన్నబడి, జిల్లేడు దుబ్బులు పోయి, గడ్డిమందు కొట్టిన నేల ఊడ్చినట్టు శుభ్రంగా ఉంది. అందరి జేబుల్లోనూ ఫోనులో అలారం మోగుతుంది, కూతకు లేచేవాళ్లు లేరు, కూసేదీ లేదు. పిడికెడు బియ్యం బదులు కవరులో నోటు వేస్తున్నారు. తొడిమలు తీసే ఆడవాళ్లకు తొడుగులు వచ్చాయి, మంచిదే. వాళ్ల కళ్లకు ఆ బాధ తప్పింది. అప్పుడు అంతా బాగుందని నేను అనను. అప్పుడు జనం చచ్చారు. కానీ తనది కానిదాని మీద రాత్రింబగళ్లు కూర్చుని, అది పోతుందని తెలిసి కూడా లేవని ప్రాణులు అప్పుడు నాకు రెండు కనపడ్డాయి. ఇప్పుడు నా కళ్లకు కనపడడం లేదు. నా కళ్లదే తప్పేమో.

ఇక నిజం చెప్పాలి. మందు డబ్బా మూత మీద పురుగు కాపురం, జీపును తరిమిన పెట్ట, దాని గొంతు మారడం, ఇవన్నీ మీరు కోతలనుకుని ఉంటారు. కావు. ఊళ్లో అడగండి. నేను కల్పించింది ఒకే ఒక్క చోట. పెద్దమ్మ రోడ్డు దాకా రాలేదు. నా తల మీద చేయి పెట్టలేదు. గేదె మాట, కత్తెర మాట, రెండూ ఉంచుకుంటానన్న మాట, అవి ఆమె ఎన్నడూ అనలేదు; బైబిలు సంచి అడుగున పెట్టి ఉంది, అంతే. ఆ రోజు ఆమె నేను లేవకముందే మెట్ట చేలో మిరప నారు నాటడానికి కూలికి పోయింది. బస్సు ఆ చేను పక్కనుంచే పోయింది. బురదలో వరసగా వంగి ఉన్న ఆడవాళ్లందరూ నడుములెత్తి బస్సు వైపు చూశారు. ఖాసింబీ చేయి కూడా ఊపింది. వరస చివర ఒకామె మాత్రం వంగినది వంగినట్టే ఉండి, తర్వాతి మొక్క నాటింది.